ఆవిడ రాకపోకలు

మ్యూజియంలో సాలీళ్ళ గది తాళం రోజూ తొమ్మిదింటికి తీసేది చీటీలమ్మ. ఆమె అసలు పేరు ఉద్యోగంలో చేరిన నాటి కాగితాల్లో ఉంది, అక్కడే ఉండిపోయింది. ఆ గదిలో నాలుగు వేల గాజు సీసాలు. ఒక్కో సీసాలో స్పిరిట్, స్పిరిట్‌లో ఒక సాలీడు, సాలీడు పక్కన వేలి గోరంత చీటీ. ఎక్కడ పట్టారు, ఎప్పుడు పట్టారు, ఎవరు పట్టారు అన్నది ఆ చీటీ మీద చీమ తలకాయంత అక్షరాలతో రాయడం ఆమె పని. చీటీ లేని సాలీడు ఆ లోకంలో దిక్కూ మొక్కూ లేనిదాని కింద లెక్క.

తలుపు తీయగానే ముందు కిటికీ తెరుస్తుంది. చీపురు పట్టేలోపే తడిగుడ్డ అందుకుంటుంది. గుమ్మం నుంచి మూడో బీరువా దాకా నేల మీద సన్నటి మట్టిచుక్కలు, ఎనిమిదేసి చొప్పున, బారుగా ఉంటాయి. అవి తుడవాలి. తర్వాత మూడో బీరువా పై అరలో చివరి సీసా దింపి, మట్టి కలిసి టీ రంగుకు తిరిగిన స్పిరిట్ పారబోసి, తేటది పోయాలి. ఇంతలో వెనక గేటు వాచ్‌మన్ రిజిస్టరు చంకన పెట్టుకుని వస్తాడు. మ్యూజియం సొత్తు ఏది గేటు దాటినా రాసి తీరాలని రూలు. సీసాలోని సాలీడు మ్యూజియం సొత్తే కాబట్టి రోజూ ఒక వరస రాస్తాడు, బయటికి ఇన్నింటికి, లోపలికి ఇన్నింటికి అని. ఆ వరస పక్కన ఆమె చూడకుండానే సంతకం గీకేస్తుంది.

ఆ సాలీడుని అందరూ "ఆవిడ" అంటారు. పుస్తకాల్లో రెండు ముక్కల పేరుంది గానీ పలకబోతే నాలుక మడతపడుతుంది. ఆడది, పైగా మ్యూజియంలో సగం మందికంటే సర్వీసు ఎక్కువ, అందుకని మర్యాద. కందిగింజంత ఒళ్ళు, బూడిద రంగు. గూడు అల్లదు. పగలు రాళ్ళ కింద దాక్కుని, చీకటి పడ్డాక నేల మీద పరుగులు తీసే రకం. ప్రపంచం మొత్తానికి ఆ జాతిలో దొరికింది ఆవిడ ఒక్కతే. పోయి ఇరవై మూడేళ్ళయింది. రాత్రిపూట తిరిగే జీవి, పోయినంత మాత్రాన అలవాటు మానుకుంటుందా? మ్యూజియంలో ఎవరూ ఈ విషయం మీద తల పగలగొట్టుకోలేదు. వెళ్తుంది, వస్తుంది, అంతే. ఎవరైనా చూస్తూ కూర్చుంటే మాత్రం కదలదు. మొదటి ఏడాది, ఆవిడని పట్టి పేరు పెట్టిన పెద్దసారు మూడు రాత్రులు కాపు కాసి, మెడ పట్టేసి మానుకున్నారు. గడపల మీద వెళ్ళేటప్పుడు తడిచుక్కలు, వచ్చేటప్పుడు మట్టిచుక్కలు చూసి వాచ్‌మన్ టైము వేసుకుంటాడు. గేటు దాటాక నాలుగు అడుగుల్లో స్పిరిట్ ఆరిపోతుంది, జాడ అక్కడితో సరి.

ఆ రోజు ఇరవై ఏడో తారీఖు. పొద్దున్నే స్పిరిట్ డబ్బా వంచితే చుక్క రాలేదు. స్పిరిట్ కావాలని వారం కిందట పెట్టిన ఇండెంటు మూడోసారి తిరిగొచ్చి బల్ల మీద పడి ఉంది. ఎర్ర సిరాతో మార్జినులో రాశారు: "ఒక్క సాలీడుకు ప్రతిదినం స్పిరిట్ మార్చవలసిన అవసరమేమి? ఆధారములు జతచేయవలెను."

"నేను తాగుతున్నాననుకుంటున్నారో, అది తాగుతోందనుకుంటున్నారో!" అని ఆమె డబ్బాని కాలితో పక్కకి తోసింది. "ఏం ఆధారాలు జతచెయ్యమంటారు? దాని పాదాలు కడిగిన నీళ్ళా?"

"ఏదో ఒకటి జతచెయ్యండమ్మా, మనదేం పోయింది?" అన్నాడు వాచ్‌మన్. అతనికి ఏ విషయమూ పెద్దది కాదు, నిమ్మకు నీరెత్తినట్టుంటాడు. "డైరెక్టరు గారు రమ్మంటున్నారు. అదీ చెబుదామనే వచ్చాను."

డైరెక్టరు చిన్నవాడు, మర్యాదస్తుడు. అతని మీద కోపం తెచ్చుకోవడానికి వీలుండదు, ఆమెకి అదే పెద్ద కష్టం. ఒక కాగితం ఆమె ముందుకి జరిపాడు.

"ప్రపంచ సాలీళ్ళ జాబితా కొత్తగా అచ్చువేస్తున్నారమ్మా. ముప్ఫయ్యో తారీఖు మధ్యాహ్నం ఆఖరు. మన ఆవిడ గురించి రెండే ప్రశ్నలు అడిగారు. ఎక్కడ దొరికింది? మగది ఏది? రెంటికీ మన దగ్గర జవాబు లేదు."

"జవాబు లేకపోతే ఏం చేస్తారండి?"

"అనుమానాస్పదం అని కొట్టేస్తారు. అలాంటి జాతి లేనట్టే లెక్క."

"మరి పెద్దసారు పేరు?"

"కనిపెట్టినవారిగా జాతి పక్కనే కదా ఆయన పేరు. దాంతోపాటే పోతుంది." ఆయన గొంతు తగ్గించాడు. "ఆయనే స్వయంగా ఒప్పుకున్నట్టు సంతకం పెడితే కాస్త గౌరవంగా ఉంటుంది. మీరైతే ఇంటికి వెళ్ళి పెట్టించుకు రాగలరని..."

ఆమె కాగితం తీసుకుని బయటికి వచ్చింది. అరికాలి మంట నెత్తికెక్కింది. నలభై ఏళ్ళు రాళ్ళు తిరగేసిన మనిషికి ఈ లోకంలో మిగిలేది ఆ ఒక్క పేరే. ఇప్పటికే పక్క ఊళ్ళ మ్యూజియంలవాళ్ళు "ఆయనకి ఆ సాలీడు కలలో దొరికిందట" అని నవ్వుకుంటున్నారు. జవాబు ఎందుకు లేదో ఆమెకి తెలుసు. ఆమెకి ఒక్కదానికే తెలుసు.

ఇరవై మూడేళ్ళ కిందట పెద్దసారు ఆరు కొండలు తిరిగి ఎనభై సీసాలు నింపి, చెక్కపెట్టెలో గడ్డి పరిచి బస్సులో పంపారు. ఏ నంబరు సీసా ఏ కొండదో ఆయన జేబుపుస్తకంలో ఉంది. దాన్ని చూసి చీటీలు రాసింది ఈమె. అప్పుడు ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు. స్పిరిట్‌లో వేసే చీటీ పెన్సిల్‌తోనో, చెరగని నల్ల సిరాతోనో రాయాలి. ఆ పనిలో అది ఓనమాలు. ఈమె నీలం రంగు బాల్‌పెన్నుతో రాసింది. మూడు నెలలు తిరిగేసరికి సీసాలన్నీ ఆకాశం రంగు తిరిగాయి, చీటీలు తెల్లకాగితాలయ్యాయి. జేబుపుస్తకం ఆ సరికే ఏదో వాగులో పడి కొట్టుకుపోయింది. డెబ్బై తొమ్మిది సాలీళ్ళు తెలిసిన జాతులే, నష్టం లేదు. ఎనభయ్యోది ఆవిడ.

"చీటీ నా అజాగ్రత్త వల్ల పాడైంది" అని పెద్దసారు శాస్త్ర పత్రికలో రాశారు. ఆ వాక్యం చదివి ఈమె చెప్పాల్సిన నిజం మింగేసింది. అప్పట్నుంచి మింగుతూనే ఉంది.

వెతకలేదా అంటే, వెతికారు. ఏ తండ్రీ పిల్లకి సంబంధం కోసం ఇన్ని ఊళ్ళు తిరిగి ఉండడు. ఆరు కొండలూ ఒకదాని తర్వాత ఒకటి, పొద్దున బస్సెక్కితే చీకటి పడ్డాక ఇల్లు. ప్లాస్టిక్ గ్లాసులు నేలలో అంచు దాకా పాతి, మర్నాడు చూస్తే పేడపురుగులు, జెర్రులు. రాయి తిరగేస్తే తేళ్ళు. పెద్దసారు మోకాళ్ళు పోయేదాకా ఆయన వెళ్ళారు. తర్వాత ఈమె, వెనకాల గొడుగు పట్టుకుని ఈమె భర్త. సెలవులన్నీ ఆ కొండల మీదే కాలిపోయాయి. పిల్లల స్కూలు ఫంక్షను ఒక్కటి చూడలేదు. బూడిద రంగు సాలీళ్ళు వందల్లో దొరికాయి. ఆవిడ చుట్టం ఒక్కటీ దొరకలేదు.

ఆ సాయంత్రం ఆమె వాచ్‌మన్ రిజిస్టరు ఇంటికి తెచ్చుకుంది. ఆధారాలు కావాలన్నారు కదా, నెల రోజుల రాకపోకలు కాగితం మీద ఎక్కించి ముఖాన కొడదామని. సీసా అడుగున రాత్రి చేరిన మట్టి కూడా వడగట్టి చిన్న పొట్లం కట్టింది. భోజనాల బల్ల మీద రిజిస్టరు పెట్టుకుని, అంకెలు రాస్తూ, డైరెక్టరునీ స్పిరిట్‌నీ కలిపి తిడుతోంది.

భర్త బస్సు డిపోలో టైమ్‌కీపరు. ఏ బస్సు ఎన్నింటికి బయటికి వెళ్ళింది, ఎన్నింటికి లోపలికి వచ్చింది అని రాయడంతోనే ఆయన జుట్టు నెరిసింది. కంచం ముందు కూర్చుని అలవాటు కొద్దీ రిజిస్టరు వైపు చూశాడు.

"గది గడప ఆరూ యాభై. గేటు ఏడూ పది. మళ్ళీ గేటు ఎనిమిదీ పదిహేను. ఏ బండి ఇది?"

"బండేమిటి? ఆవిడ."

ఆయన ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది. "రాత్రంతా తిరుగుతుందన్నావు కదా?"

"రాత్రి తిరిగేదే కదండీ!"

"రాత్రి వేరు, రాత్రంతా వేరు. ఇది గంటా ఐదు నిమిషాల ట్రిప్పు. మా రైల్వే స్టేషను బస్సు ఇంతకంటే ఎక్కువ తీసుకుంటుంది." ఎడంచేత్తో పెన్సిల్ లాక్కున్నాడు. "గది నుంచి గేటుకి ఎంత దూరం?"

"ఎనభై అడుగులుంటుంది."

"ఇరవై నిమిషాలకి ఎనభై అడుగులు. పాపం, ఇన్నేళ్ళు స్పిరిట్‌లో నాని కాళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి. గేటు నుంచి పోనూ రానూ అరవై ఐదు. అటు చివర ఒక ఐదు నిమిషాలు ఆగుతుందనుకో, ఏ బండైనా ఆగాల్సిందే. పోను ముప్ఫై, రాను ముప్ఫై. ముప్ఫై నిమిషాలకి నూట ఇరవై అడుగులు." పెన్సిల్ కింద పెట్టాడు. "మనం ఎక్కిన కొండలు ఎన్ని కిలోమీటర్లు?"

ఆమె రిజిస్టరు తనవైపు లాక్కుని అంకెలు మళ్ళీ చూసింది. 

"ఇన్నేళ్ళు నా వెనకాల గొడుగు పట్టుకుని తిరిగి," అంది చివరికి, "ఇప్పుడా ఈ ముక్క చెప్పడం?"

"నువ్వెప్పుడైనా టైములు చూపించావా? కొండెక్కుదాం రండి అన్నావు, ఎక్కాను."

ఆయన మట్టిపొట్లం విప్పి వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. తన చొక్కా చెయ్యి ఎత్తి వాసన చూసి, పొట్లం ఆమె ముక్కు కింద పెట్టాడు. ఇంజను ఆయిలు, డీజిలు, పాత దుమ్ము. పెళ్ళైనప్పట్నుంచి ఆమె చేత్తో ఉతుకుతున్న వాసన. రోజూ పొద్దున పారబోస్తున్న స్పిరిట్‌లో కూడా అదే ఉండి ఉంటుంది. స్పిరిట్ ఘాటుకి ముక్కు తిప్పుకోవడమే తప్ప ఏనాడూ పట్టించుకోలేదు.

"మ్యూజియం వెనక గేటుకి ఎదురుగా సందు. సందు దాటితే మా డిపో గోడ. గోడకి అవతల మూసేసిన పార్సిల్ గది," అన్నాడాయన మెల్లగా. "ఆ చెక్కపెట్టె ఆ రాత్రంతా ఆ గదిలోనే ఉంది. తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదని నేనే నేల మీద దింపించాను. పొద్దున నువ్వొచ్చావు, రెండు జడలు వేసుకుని. పెట్టె మీద గీత పడిందని నాతో పోట్లాడావు."

"జడల సంగతి తర్వాత," అంది ఆమె. కానీ గొంతులో పదును తగ్గింది. "చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు..." మిగతాది అనలేక లేచి వెళ్ళి, తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది.

మర్నాడు పొద్దున వాచ్‌మన్‌ని నిలదీసింది. "ఆవిడ గంటలో వచ్చేస్తుందని నీకు తెలుసా?"

"తెలియకపోవడమేంటమ్మా? నేను భోజనం డబ్బా విప్పేలోపు వచ్చేస్తుంది."

"మరి ఇన్నేళ్ళు చెప్పలేదేం?"

"అడగందే అమ్మైనా పెట్టదంటారు కదమ్మా. మీరు రోజూ సంతకం పెడుతున్నారు, చదివే పెడుతున్నారనుకున్నాను."

ఆమె రిజిస్టరు అతని చేతిలో పెట్టేసింది. కాగితం సంచిలో వేసుకుని పెద్దసారు ఇంటికి బయల్దేరింది.

పెద్దసారు రెండో అంతస్తులో కొడుకు ఇంట్లో ఉంటారు. ఎనభై ఆరేళ్ళు. మెట్లు దిగి మూడేళ్ళయింది. కోడలు తలుపు తీసి, "మామయ్యగారూ, చీటీలమ్మ గారొచ్చారు," అని చెప్పి పనిలోకి వెళ్ళిపోయింది. ఆయన కిటికీ పక్క కుర్చీలో మోకాళ్ళకి మందు రాసుకుంటున్నారు. కాగితం చదివారు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఇంతేనా? ఎప్పుడో రావలసింది."

"సార్, ఒక మాట చెప్పాలి," అంది ఆమె. దారంతా కూడబెట్టుకున్న వాక్యాలు ఒక్కటీ సాయానికి రాలేదు. "చీటీలు పాడవడం మీ తప్పు కాదు. బాల్‌పెన్నుతో రాసింది నేను. మీరు నన్ను కాపాడటానికి తప్పు మీ మీద వేసుకున్నారు. నేను నోరు మూసుకున్నాను."

ఆయన వింతగా చూశారు. "నిన్ను కాపాడటమేమిటి తల్లీ? ఆ పెన్ను నీకిచ్చింది నేనే కదా. ఏదో మీటింగులో ఊరికే పంచారు. దీంతో రాయి, అక్షరం సన్నగా వస్తుంది అన్నాను. రాసేవాడికి బుద్ధి లేకపోతే చెప్పేవాడికి ఉండాలి కదా అని నన్ను నేను తిట్టుకోని రోజు లేదు."

ఆమెకి పెన్ను రంగు గుర్తుంది. ఎవరిచ్చారో గుర్తే లేదు. బరువు దిగాలి నిజానికి. దిగలేదు సరికదా, ఒళ్ళు మండింది. ఒకే తప్పుని ఇద్దరు మనుషులు, ఒకరికొకరు చెప్పుకోకుండా, ఇరవై మూడేళ్ళు చెరో నెత్తినా పూర్తిగా మోశారు. పోనీ సగం సగం మోసినా నడుములు మిగిలేవి.

"పోనివ్వండి," అంది. "పెట్టె తెరిచినప్పుడు ఆవిడ ఏ సీసాలో ఉందో గుర్తుందా?"

"సీసాలో... కాదు కాదు. అడుగున గడ్డిలో ఉంది. పరుగులు పెడుతోంది. ఒక సీసా మూత ఊడి ఖాళీగా ఉంటే అందులోంచి పడిందనుకుని పట్టి వేశాను."

"స్పిరిట్‌లో వారాల తరబడి మునిగింది పరుగులెలా పెడుతుంది సార్?"

పెద్దసారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "ఆ రాత్రే మళ్ళీ సీసాలోంచి లేచి వెళ్ళింది కదమ్మా," అన్నారు. "ఈవిడ రకమే అంత అనుకున్నాను."

ఆమె భర్త వేసిన లెక్క చెప్పింది. పార్సిల్ గది సంగతి చెప్పింది. ఆయన వేళ్ళు మడుస్తూ విన్నారు.

"అయితే నువ్వు పెన్సిల్‌తో రాసి ఉంటే ఏదో ఒక కొండ పేరు ఆ చీటీ మీద వందేళ్ళు ఉండేది," అన్నారు. "అబద్ధం వందేళ్ళు ఉండేది. చెరిగిపోయింది కాబట్టి సరిపోయింది." నవ్వబోయి మానుకున్నారు. పెన్ను అడిగి కాగితం మీద సంతకం పెట్టేశారు.

"అదేంటి సార్! ఇంకా వెతకనే లేదు."

"రేపు వెతుకు. దొరికితే ఇది చించెయ్యి. దొరక్కపోతే ఇచ్చెయ్యి. నాకు ఓపిక లేదు తల్లీ. ఇంక నన్నెవరూ ఏమీ అడక్కండి."

ఇరవై తొమ్మిదో తారీఖు పొద్దున డిపో మేనేజరు, పార్సిల్ గది తాళం తీయడానికి లెటరు కావాలన్నాడు. లెటరు తెస్తే దాని మీద స్టాంపు కావాలన్నాడు. స్టాంపు వేయించుకొచ్చేసరికి తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదన్నాడు. టైమ్‌కీపరు తన బల్ల సొరుగులోంచే తాళంచెవి తీసిచ్చాడు. "నాకూ ఇప్పుడే గుర్తొచ్చింది," అన్నాడు. ఆమె భర్త వైపు చూసిన చూపుకి ఆయన గునపం వెతికే నెపంతో బయటికి జారుకున్నాడు.

లోపల నిండా పాత టైర్లు. అవి బయటికి దొర్లించేసరికి మధ్యాహ్నమైంది. నేలకి నలభై రెండు బండలు. ఆయన గునపంతో లేపడం, ఆమె మోకాళ్ళ మీద వంగి టార్చి వేసి చూడటం. మొదటి బండ కింద బొద్దింకలు. పదో బండ కింద రోకలిబండ పురుగులు. ఇరవయ్యో బండ కింద తుప్పుపట్టిన బోల్టులు. ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి అనుకుంటూ నలభై రెండోది కూడా లేపించింది. మట్టి. నల్లటి, జిడ్డు మట్టి. పొట్లంలోని మట్టే, అందులో సందేహం లేదు. సాలీడు మాత్రం లేదు.

"పగలు ఇంకా లోతుకి పోతుందేమో," అన్నాడు భర్త, నడుం పట్టుకుని.

"మాట్లాడకండి," అంది ఆమె.

సాయంత్రం ఐదున్నరకి ఒక్కతే మ్యూజియంకి వచ్చింది. చేతులు కూడా కడుక్కోలేదు. సాలీళ్ళ గదిలోకి వెళ్ళి మూడో బీరువా తెరిచి ఆవిడ సీసా దింపింది. అలాంటి సీసా గేటు దాటిస్తే ఉద్యోగం పోతుంది, అది ఆమెకి తెలుసు. మగది దొరుకుతుందనే ఆశతో చేసిన పని కాదది. ఆశ ఆ మధ్యాహ్నమే నలభై రెండో బండ కింద అయిపోయింది. రేపు ఆవిడ లేనిదైపోతుంది. లేనిదైపోయాక కూడా బిగుసుకున్న కాళ్ళతో రోజూ ఆ సందు దాటి, మట్టి పూసుకుని తిరిగొస్తూనే ఉంటుంది, ఎవరో ఒకరు తుడుస్తూనే ఉంటారు. ఆ నడక తలుచుకుంటే ఆమెకి పట్టరాని కోపం వచ్చింది.

వెనక గేటు దగ్గర వాచ్‌మన్ సీసా చూశాడు, ఆమె ముఖం చూశాడు. "రాయాలమ్మా," అన్నాడు.

"రాసుకో."

బయటికి ఐదూ నలభై, చీటీలమ్మ చేతిలో, అని రాసి గేటు తీశాడు.

పార్సిల్ గది మధ్యలో, లేపిన బండ పక్కన, ఆమె సీసా పెట్టి మూత తీసింది.

"ఇదిగో, నీ ఇల్లు," అంది. "ఎవరు చెప్పారు నిన్ను రోజూ వెనక్కి రమ్మని? నేను రమ్మన్నానా? పెద్దసారు రమ్మన్నారా? ఒక్కనాడు రాకుండా ఉంటే ఎక్కడికి పోయావా అని వెతికేవాళ్ళం, అప్పుడైనా మాకు బుద్ధొచ్చేది. టైముకి ఠంచనుగా వస్తావు! మేమేమో సంతకాలు పెడతాం! చాలు. ఉండిపో ఇక్కడే."

సీసాలో ఆవిడ కదల్లేదు, చూస్తున్నారు కదా మరి. ఆమె తలుపు దగ్గరగా వేసి ఇంటికి వెళ్ళిపోయింది.

ముప్ఫయ్యో తారీఖు పొద్దున ఏడింటికి వచ్చింది. ఖాళీ సీసా తీసుకెళ్ళి డైరెక్టరుకి ఇచ్చి, సంతకం కాగితం ఇచ్చి, వాళ్ళు వేసే శిక్ష వేయించుకోవడానికి సిద్ధపడే వచ్చింది. గది నేలంతా మట్టిచుక్కలు. ఒక వరస కాదు, గోడల పగుళ్ళ దాకా ముగ్గు పెట్టినట్టు. సీసా ఖాళీగా లేదు. ఆవిడ ఎప్పటిలాగే అడుగున, కాళ్ళు ముడుచుకుని ఉంది. ఇల్లు రెండడుగుల దూరంలో ఉన్నా మళ్ళీ వచ్చి సీసాలో కూర్చుంది. పక్కన ఇంకొకటి ఉంది. అదే బూడిద రంగు. ఒళ్ళు కాస్త సన్నం, కాళ్ళు కాస్త పొడుగు, ముఖం ముందు రెండు చిన్న చేతుల చివర నల్లటి బుడిపెలు. ఆ బుడిపెలు మగవాటికే ఉంటాయి. ఇన్నేళ్ళు ఆరు కొండల మీద ప్రతి బూడిద రంగు సాలీడు ముఖంలోనూ ఆమె వెతికింది ఆ బుడిపెల కోసమే.

చీటీలమ్మ బండ మీద కూలబడి ఏడ్చింది. సంతోషంతో కాదు. ఇంత తేలికైనందుకు ఏడ్చింది. ఆవిడని తీసుకెళ్ళి ఇంటి దగ్గర దింపితే చాలని ఒక్కరికి తోచి ఉంటే, ఏ కొండా ఎక్కక్కర్లేదు, ఏ మోకాలూ పోయేది కాదు. పిల్లలు పెద్దవాళ్ళయిపోయారు. ఆ ఆదివారాలు ఎవరిస్తారు?

డైరెక్టరు ఆ సీసాని మైక్రోస్కోపు కింద గంటసేపు చూశాడు. బొమ్మలతో పోల్చాడు. తలెత్తి, "మగదేనమ్మా," అన్నాడు. ఎలా దొరికిందని అడగలేదు. "ఎక్కడ దొరికిందని రాయమంటారు?"

"బస్సు డిపో, పాత పార్సిల్ గది," అంది ఆమె. "వెనక గేటు నుంచి నూట ఇరవై అడుగులు. అడుగులు కూడా రాయండి." తర్వాత ఇండెంటు తీసి ఆయన ముందు పెట్టింది. "ఇద్దరయ్యారు కదండీ, కొత్త స్పిరిట్ పొయ్యాలి." ఆయన మారుమాట లేకుండా సంతకం చేశాడు.

పదకొండున్నరకి జాబితావాళ్ళకి జవాబు వెళ్ళింది. ఆవిడ పేరు ఉంది, పక్కన పెద్దసారు పేరు ఉంది. ఆ రాత్రి నుంచి ఆవిడ మళ్ళీ గది గడప దాటలేదు. ఎవరూ ఎందుకని అడగలేదు.

ఆ మధ్యాహ్నమే ఆమె సంతకం కాగితం చించి, ముక్కలు పెద్దసారు చేతిలో పెట్టి, జరిగింది చెప్పింది. ఆయన ముక్కల్ని చాలాసేపు గుప్పిట్లో పట్టుకున్నారు. తర్వాత కోడల్ని పిలిచి చెప్పులు తెమ్మన్నారు.

"మామయ్యగారూ, మెట్లు..." అంది కోడలు.

"తెలుసమ్మా, మెట్లే."

ముప్ఫై ఎనిమిది మెట్లు దిగడానికి అరగంట పట్టింది. ఒక పక్క కోడలు, ఒక పక్క చీటీలమ్మ. ప్రతి ఐదు మెట్లకీ ఆగి, మెట్లు కట్టినవాణ్ణి తిట్టారు, మోకాళ్ళని తిట్టారు, కొండలని తిట్టారు. ఆటో దిగి పార్సిల్ గదిలోకి వచ్చాక తిట్టడం మానేశారు. ఏ బండ అని అడిగారు. ఆమె చూపించింది. గోడకి చెయ్యి ఆనించి మెల్లగా దాని మీద కూర్చున్నారు. అరచేయి జిడ్డు మట్టిలో పెట్టి, పైకెత్తి చూసుకున్నారు.

"ఆ రాత్రి పెట్టె తీసుకెళ్ళడానికి నేనే రావలసింది," అన్నారు. "ప్రయాణం చేసొచ్చి అలసిపోయి, రేపు చూద్దాంలే అని పడుకున్నాను." కళ్ళనీళ్ళు గడ్డం దాకా వచ్చాయి, తుడుచుకోలేదు. "నించుంటావేం? నీకు మాత్రం కాళ్ళు నొప్పి పుట్టవా? కూర్చో తల్లీ."

పక్కనే ఇంకో బండ ఉంది. ఇరవై మూడేళ్ళలో ఆయన ఎదురుగా ఆమె కూర్చోవడం అదే మొదటిసారి.